నవ్వే రాకాసి

బావ దగ్గర దొంగతనం చేయాలని బావమరిది గట్టిగా నిశ్చయించుకున్నాడు. కొట్టేయబోయేది బంగారం కాదు, నగలూ కాదు. బబుల్ గమ్ ప్యాకెట్. అదీ ఇద్దరూ నిక్కర్లేసుకుని తిరిగిన కాలం నాటిది.

నవ్వకండి. ఆ రోజుల్లో ఆ ప్యాకెట్లలో రాకాసి బొమ్మల కార్డులు వచ్చేవి. పిల్లలు గమ్ నమిలి ఉమ్మేసి, కార్డులు దాచుకునేవాళ్ళు. మన బావమరిది ఇప్పటికీ దాచుకుంటూనే ఉన్నాడు. బట్టతల వచ్చింది గానీ బుద్ధి రాలేదని భార్య దెప్పుతూ ఉంటుంది. రాకాసులన్నీ దొరికాయి, ఒక్కటి తప్ప. మిగతావన్నీ కోరలు చూపించి భయపెట్టేవే. ఆ ఒక్కటి మాత్రం పకపకా నవ్వుతుంది. ఆల్బమ్‌లో దాని చోటు ఖాళీగా కనిపించినప్పుడల్లా అతనికి ముందుపన్ను ఊడినట్టే ఉండేది.

బావకీ అదే పిచ్చి. కాకపోతే ఆయనకి కార్డులు అక్కర్లేదు, విప్పని ప్యాకెట్ కావాలి. తన కళ్ళజోళ్ళ షాపు వెనక గదిలో, అద్దాల బీరువాలో, దూది పరిచి ఒకే ఒక్క ప్యాకెట్‌ని పసిపాపలా పడుకోబెట్టాడు.

"ఒక్కసారి విప్పి చూద్దాం బావా. అందులో నవ్వేది ఉందేమో!"

"ఉంటే ఉండనీ. విప్పాక ఇంక దాని విలువేముంది? నేను చచ్చినా విప్పను. నీలా కక్కుర్తిగాణ్ణి కాదురా."

ఎన్నిసార్లు అడిగినా ఇదే పాట. గడ్డివాము దగ్గర కుక్కలా తాను తినడు, ఇంకొకర్ని తిననివ్వడు అని బావమరిది పళ్ళు నూరుకున్నాడు.

ఆ ప్యాకెట్ మైనం కాగితంతో మడిచి, వేడి తగిలించి అతికించినది. బావమరిదిది డ్రై క్లీనింగ్ షాపు. ఇస్త్రీపెట్టె అతను చెప్పినట్టు వింటుంది. చిన్నప్పటి డబ్బాలోంచి పాత ఖాళీ కాగితం ఒకటి తీశాడు. తన దగ్గర రెండేసి ఉన్న కార్డులు కొన్ని, సందు చివర కొట్లో కొన్న గమ్ బిళ్ళ ఒకటి అందులో పెట్టి, ఇస్త్రీపెట్టె అంచుతో మడతలు అతికించాడు. కంపెనీవాడు కూడా కనిపెట్టలేడని తెగ మురిసిపోయాడు.

మర్నాడు బావ షాపుకి వెళ్ళి కబుర్లలో పెట్టాడు. ఇంతలో ఎవరో కళ్ళజోడు విరిగిందని వస్తే బావ ముందు గదిలోకి వెళ్ళాడు. తాళంచెవి బీరువాకే వేలాడుతోంది. ఒకటి తీశాడు, ఒకటి పెట్టాడు.

ఇంటికొచ్చి, తలుపేసుకుని విప్పాడు. గమ్ సంగతి ఎవడిక్కావాలి! దాన్ని పక్కన పడేసి కార్డులు తిరగేశాడు. అన్నీ కోరలే. నవ్వేది లేదు.

కొండని తవ్వి ఎలుకని పట్టినట్టయింది. పైగా ఆ పిచ్చిమారాజు డూప్లికేట్ ప్యాకెట్‌ని చూసుకుని మురిసిపోతుంటాడని తలుచుకుంటే మనసు చివుక్కుమంది.

కొన్నాళ్ళకి అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్ తమ్ముడూ, రేపు నీ పుట్టినరోజు మా ఇంట్లోనే. మీ బావ ఆ ప్యాకెట్ నీ కోసం విప్పేస్తారట!"

"అయ్యో, వద్దక్కా! దాని విలువ పోతుంది!"

"ఇన్నాళ్ళూ ఆయన ప్రాణం తీసింది నువ్వే కదరా? తీరా ఇస్తానంటే ఈ వేషాలేంటి?"

బావమరిదికి ముచ్చెమటలు పోశాయి. తన కార్డులన్నీ బావ చూసినవే, ఇట్టే గుర్తుపడతాడు. ఆ గమ్ నిన్న మొన్నటిదని వాసనే చెబుతుంది. అందరి ముందూ దొంగగా దొరికిపోతే అక్క మొహం ఇంక ఎలా చూడాలి?

మర్నాడు అందరూ బల్ల చుట్టూ చేరారు. బావమరిది తేలు కుట్టిన దొంగలా ఓ మూల కూర్చున్నాడు. బావ చేతులు శుభ్రంగా తుడుచుకుని, మడత తర్వాత మడత నెమ్మదిగా విప్పాడు. గమ్ బిళ్ళ పైకి తీయగానే టక్కున రెండు ముక్కలైంది.

బావమరిది ఉలిక్కిపడ్డాడు. తను పెట్టింది మెత్తటి గమ్!

మొదటి కార్డు తనది కాదు. రెండోదీ కాదు. చివరి కార్డు తిప్పగానే పకపకా నవ్వుతూ నవ్వే రాకాసి!

అక్క చప్పట్లు కొట్టింది. "హమ్మయ్య, ఇకనైనా ఈయనకి బుద్ధి వస్తుందేమో!" అంది భార్య. బావమరిదికి కళ్ళనీళ్ళు తిరిగాయి. తన చేత్తో తను అతికించిన ప్యాకెట్‌లో తను పెట్టని కార్డు ఎలా వచ్చింది?

బావ ఆ కార్డు అతని చేతిలో పెట్టి, గట్టిగా కావలించుకుని, చెవిలో గుసగుసలాడాడు.

"ఇస్త్రీపెట్టె వేడి కాస్త ఎక్కువైందిరా, అంచు మాడింది. అది చూసే విప్పి, నీ సరుకు తీసేసి, నా చిన్నప్పటి డబ్బాలో మిగిలిన పాత గమ్మూ కార్డులూ పెట్టాను. సిగ్గుపడకు, అసలు ప్యాకెట్ కొన్న రోజే ఆత్రం ఆగక విప్పి, ఈ కార్డు దాచేసుకుని మళ్ళీ అతికించినప్పుడు నాకూ అలాగే మాడింది."