సీటులో సగం

పార్సిల్ కంపెనీ యజమాని ఒకేసారి పాతిక బండ్లు కొంటాడని ఆశ పెట్టుకున్నాను. ఆయనేమో మా కొత్త మూడుచక్రాల బండిని చూసి పెదవి విరిచాడు.

"డ్రైవర్ సీటు మరీ ఇరుకయ్యా."

నాకు ఒళ్లు మండింది. "కూర్చునేది ఒక్కడే కదండీ! అందుకేగా ఇంత చవక."

ఆయన ఎక్కి, సీటు కుడి అంచుకు ఒదిగి కూర్చుని, బండి మెల్లగా కదిలించాడు.

"పడతారండీ! మధ్యకి జరగండి" అన్నాను, పక్కనే నడుస్తూ.

జరగలేదు. అలాగే పోనిచ్చాడు. షోరూము గేటు దగ్గర గతుకు రాగానే, ఎవరో పడిపోతున్నట్టు, ఆయన ఎడమచెయ్యి ఖాళీ చోటుకు అడ్డంగా వెళ్లింది.

బండి ఆపేశాడు.

"మొదట్లో నేనే బండి నడిపే రోజుల్లో మా ఆవిడ పార్సిళ్లు ఒళ్లో పెట్టుకుని నా పక్కనే ఇరుక్కుని కూర్చునేదయ్యా. పోయిందని నాకు తెలుసు. ఈ చేతికే ఇంకా తెలీదు."