కోర్టు తీసిన సినిమా

కోర్టుల్లో వాదనలు పోయి సినిమాలు వచ్చాక, గౌరీశ్వరి కేసు ఆరు నిమిషాల్లో తేలిపోయింది. జనపనార మిల్లులో ఆమె భర్త రామినాయుడు ఎలా చనిపోయాడో యంత్రం లెక్క కట్టి, నూటికి తొంభై ఆరు పాళ్లు ఇలాగే జరిగి ఉంటుందని తెర మీద వేసింది.

తెర మీద రామినాయుడు గడప దాటుతూ వెనక్కి తిరిగి నవ్వాడు. "ఎల్లొస్తానే గౌరీ" అన్నాడు. తర్వాత మిల్లులో కుడిచేత్తో మీట లాగుతుంటే పట్టు జారి, మిషన్లో పడ్డాడు. తప్పు అతనిదేనని కింద అక్షరాలు పడ్డాయి.

"అభ్యంతరం ఏమైనా ఉందామ్మా?" గుమస్తా అడిగాడు. "ఉంటే ఇది చెరిపేసి మళ్లీ కొత్తగా తీస్తారు."

రామినాయుడిది ఎడంచేతి వాటం. లోకంలో ఎక్కువమంది కుడిచేతి వాళ్లు కాబట్టి యంత్రం అతనికీ కుడిచెయ్యే ఇచ్చింది. ఆ ఒక్క మాట చెబితే లెక్క మొత్తం కూలిపోతుంది. గౌరీశ్వరి చెప్పబోయి ఆగింది.

నిజానికి అతను పోయిన రోజు పొద్దున్న ఇద్దరూ పోట్లాడుకున్నారు. అతను వెనక్కి తిరగలేదు, ఏమీ అనలేదు.

"లేదు బాబూ," అంది. "మొదట్లో ఆ గడప దాటే ముక్క ఇంకోపాలి ఎయ్యండి."