భేదిఉప్పు వైద్యం

తిమ్మన్న భేదిఉప్పు కలిపిన వేడినీళ్ళ గంగాళంలో కాళ్ళు పెట్టుకుని, చూడవచ్చిన ఓబన్నకు వైద్యం బోధిస్తున్నాడు.

"కోసిగి కాంపౌండరు చెప్పినాడప్పా. నొప్పినంతా గుంజేస్తాది. నాకిప్పుడు శానా నెమ్మదిగా ఉండాది."

"నా కాళ్ళూ అట్లే ఉండాయి. చేసుకోను కష్టమా?"

"కష్టమేముండాది? నీళ్ళు కాగబెట్టి, ఉప్పేసి, కూచుంటే సరి."

అప్పుడే నీళ్ళ బిందెతో వచ్చిన తిమ్మన్న భార్య హనుమంతమ్మ ఆ మాట విన్నది. ఊరి బావులు ఎండిపోయినప్పటి నుంచి ఆడవాళ్ళు ఎండిన వంక ఇసుకలో చెలమలు తవ్వి నీళ్ళు తెస్తున్నారు. ఆమె బిందె దించి, మొగుడి ఎదురుగా కూర్చుని, తన కాళ్ళు కూడా అదే గంగాళంలో పెట్టింది.

"ఇదేం పని మే?" అన్నాడు తిమ్మన్న.

"కష్టం లేని వైద్యం గదా, నేనూ చేసుకుంటాండా."

ఓబన్న పైగుడ్డ దులుపుకుని మెల్లగా జారుకున్నాడు.

తిమ్మన్న నీళ్ళలోకి చూశాడు. ఆమె మడమలు నెర్రెలిచ్చాయి. చీలమండలు తనవాటికంటే ఎక్కువగా వాచి ఉన్నాయి. తన కాళ్ళు బయటికి తీసి తుడుచుకుని, మూలనున్న ఖాళీ బిందె అందుకున్నాడు.

"చెలమ యాడుండాది?" అని అడిగాడు.

"వంక మలుపు కాడ," అంది హనుమంతమ్మ కళ్ళు మూసుకుని. "నిదానంగానే రా. నీళ్ళింకా వేడిగా ఉండాయి."