పట్టీకి లొంగని పాలు

రొయ్యల ఫ్యాక్టరీ చలిగదిలో పనిచేసే బాలింతలందరికీ మెడ వెనక పట్టీ ఉంటుంది. మెదడు కింద శనగగింజంత ఉండే పిట్యూటరీ గ్రంథిని అది అదుపులో పెడుతుంది. పనిగంటల్లో పాలు పడవు.

ఆ పూట పక్కగది ఉయ్యాలలో నూకరత్నం మూడు నెలల కొడుకు గుక్కపట్టి ఏడ్చాడు. రొయ్యలు వొలుస్తున్న ఆమెకు ఒక్కసారిగా పాలు చేపుకొచ్చి, జాకెట్టు తడిసిపోయింది.

"పట్టీ పీకేసేవేంటే?" పక్కనున్న అప్పయమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"లేదొదినా, ఒట్టు! ఆడి ఏడుపింటే ఆగలేదు."

ఆ మాట ఎవరు నమ్ముతారు? జాకెట్టు తడిస్తే పట్టీ పీకినట్టే లెక్క, పని ఊడినట్టే. సూపర్‌వైజరు పాండురంగం ఒక్కొక్కరినే చూసుకుంటూ వస్తున్నాడు. నూకరత్నం దాకా ఇంకా నలుగురే ఉన్నారు.

అప్పయమ్మ మగ్గుతో ఐసునీళ్లు ముంచి తన గుండెల మీదే గుమ్మరించుకుంది. ఆ పక్కామె కూడా పోసుకుంది. చూస్తుండగానే వరసంతా తడిసింది. ఎవరో నూకరత్నం మీదా పోశారు.

"ఏంటిది?" అరిచాడు పాండురంగం.

"ఉక్కగా ఉందండి," అంది అప్పయమ్మ, పళ్లు టకటకలాడుతుంటే.

అతను వరసంతా రెండుసార్లు తేరిపార చూశాడు. పక్కగదిలో బిడ్డ మళ్లీ ఏడ్చాడు. నూకరత్నం తల ఎత్తలేదు. ఆ చన్నీళ్ల కింద పాలు వెచ్చగా కారుతూనే ఉన్నాయి.