స్టాకు లేదు

“లేవండీ మార్వా గారూ. మీ రైఫిల్‌కి సరిపోయే తూటా ఒక్కటి కూడా లేదు.”

కౌంటర్ కింద ఆ తూటాల డబ్బాలే పన్నెండున్నాయి. కొట్టు యజమాని లైల్ మోకాలు వాటికి తగులుతూనే ఉంది.

మార్వా చేతితొడుగులు తీసి కౌంటర్ మీద పెట్టింది. డెబ్భై రెండేళ్ల ఒంటరి మనిషి. మోంటానా కొండల్లో ఆ ఏడు మంచు ముందే పడింది. సర్కారు అనుమతించిన జింకల వేటకిక నాలుగు రోజులే గడువు. చలికాలానికి ఆమె ఇంట్లో మాంసమంటే ఆమె వేటాడి తెచ్చుకున్న జింకే.

“పది రోజులుగా ఇదే మాటంటున్నావు. నిన్న ఎవరో పొరుగూరివాడు సంచి నింపుకుపోయాడటగా?”

“అవే ఆఖరివండీ. కంపెనీ వాళ్లు పంపడం లేదు. దేశమంతా ఇదే కరువు.”

“ధర పెరిగిందా ఏంటి? పెరిగితే పెరిగిందని చెప్పు నాయనా, మొహమాటం దేనికి? ఇరవై రెండు డాలర్లది ముప్పై అన్నా ఇస్తాను.”

మధ్యాహ్నం సియాటిల్ నుంచి వచ్చే ఆసామి డబ్బాకి తొంభై ఒప్పుకున్నాడు. తొంభై అనే మాట ఈవిడ ముఖాన అనలేకే లైల్ లేవని బొంకాడు. ధర చెప్పడానికి సిగ్గుపడ్డ నోరు అబద్ధమాడ్డానికి మాత్రం సిగ్గుపడలేదు.

“పోనీ, విడిగా ఓ నాలుగు?”

“ఉంటే మీకివ్వనా?”

అన్నాడే గానీ చెవులు వేడెక్కిపోయాయి. తల వంచుకుని, ఏదో పనున్నట్టు బిల్లు పుస్తకం తిరగేశాడు.

“అదీ నిజమేలే. మీ నాన్న కాలం నుంచీ చూస్తున్నాను. ఉంచుకుని లేదనే వంశం కాదు మీది.”

ఆ మాటకి అతనికి చచ్చినంత పనైంది. వంగి ఓ డబ్బా తీసిచ్చేద్దామనుకున్నాడు. ఇప్పుడు తీస్తే ఇంతసేపు ఆడిందంతా అబద్ధమని ఒప్పుకున్నట్టే. చెయ్యి కౌంటర్ అంచు దగ్గరే ఆగిపోయింది.

మార్వా తలుపు దాకా వెళ్లి, ఏదో తోచినట్టు వెనక్కి వచ్చింది. కోటు జేబులోంచి తనకి మిగిలిన మూడు తూటాలు తీసి, రెండు అతని ముందుకి జరిపింది.

“ఊరందరికీ అమ్ముకుని నీకే లేకుండా చేసుకున్నావా, పిచ్చివాడా! గురి తప్పకపోతే నాకు ఒకటి చాలు. ఇవి ఉంచుకుని నువ్వూ ఓ జింకని కొట్టు, ఇంట్లో నీ పిల్లలూ తినాలిగా!”