కొర్రమీను కడిగిన నీళ్లు

డాక్టరు చేతులెత్తేసిన రోజు సాయంత్రమే ధర్మరాజు ఒక గాజుతొట్టె కొనుక్కొచ్చాడు. చిలకలగూడ ఇంట్లో, భార్య కుసుమకుమారి మంచం పక్కనే పెట్టాడు. అందులో వేలెడంత కూడా లేని చారల చేపలు, పదకొండు.

"ఇవి పదకొండూ ఉన్నన్నాళ్లూ యముడు మన గడప తొక్కడు. మా ఊరి జాలరి చెప్పాడు."

"ఆ జాలరేగా, చేపతో చదరంగం ఆడింది?"

"ఆడటమేంటి, ఓడిపోయాడు కూడా!"

వెక్కిరించిందే గాని, రోజూ కళ్లు తెరవగానే లెక్కపెట్టుకునేది. పదకొండు. ఆ తర్వాతే కాఫీ.

మొదటి వారంలోనే ఓ తమాషా జరిగింది. పనిమనిషి ఎల్లమ్మ కొర్రమీను కడిగిన చేత్తోనే తొట్టెలో రాయి సర్దింది. ఒక చేపకు గీరుకుని చర్మం లేచింది. గాయం వాసనా కొర్రమీను వాసనా కలిసి తగలగానే మిగతావన్నీ హడలిపోయి రాయి కింద దూరాయి. గాయం మానింది గాని, భయం మానలేదు. కొర్రమీను కడిగిన నీళ్లు చుక్క పడితే చాలు, పదకొండూ రాయి కిందే.

"చేపకు ఒకసారి భయం పట్టుకుంటే చచ్చేదాకా వదలదు" అన్నాడు ధర్మరాజు. అది మాత్రం కోత కాదు.

కొన్నాళ్లకు ఆయనే కొర్రమీనును ఇంట్లోకి రానివ్వడం మానేశాడు. ఆ వాసన నీకు పడదన్నాడు.

రోజు విడిచి రోజు స్టీలు క్యాను పట్టుకుని మోండా మార్కెట్‌కు వెళ్లేవాడు.

"కొత్తిమీర కట్టకు క్యానెందుకండీ?"

"నీళ్లలో నిలబెట్టి తెస్తే దారిపొడుగునా పెరుగుతుందే!"

ఆమె నవ్వేది. నవ్వితే దగ్గొచ్చేది. మనిషి రోజురోజుకూ తరిగిపోతోంది. తొట్టెలో లెక్క మాత్రం తగ్గలేదు.

మృగశిర కార్తె వచ్చింది. ఊరంతా చేపలే. ధర్మరాజు మార్కెట్‌కు వెళ్లిన వేళ ఎల్లమ్మ గిన్నెతో దిగింది.

"అమ్మా, ఇయ్యాల మిరుగం. కొర్రమీను తెచ్చిన. పులుసు పెడ్త, జెర రెండు ముద్దలు తినుండ్రి."

"తినలేనే. అది కడిగి, ఆ నీళ్లు ఓ గరిటెడు తొట్టెలో పొయ్యి. పాత తమాషా చూడాలనుంది."

"సారు తిడ్తడేమో!"

"ఆయన లేరుగా."

గరిటె వంచుతుండగా గుమ్మంలో క్యాను చప్పుడైంది.

"ఎల్లమ్మా, పొయ్యొద్దు!"

అప్పటికే పోసేసింది.

కుసుమకుమారి దిండు మీంచి తల ఎత్తి తొట్టెలోకి చూసింది. తర్వాత ఆయన చేతిలో నీళ్లు తొణుకుతున్న క్యాను కేసి చూసింది.

పదకొండిట్లో ఒక్కటంటే ఒక్కటి కూడా రాయి కిందకి పోలేదు.