కరెంటు పోని టీవీ

"టీవీ మీరు ఒంటరిగా చూస్తారా?" ఫారంలో ఉన్నది ఉన్నట్టు చదివింది తార.

గంగవ్వ బీడీల చాటలోంచి తలెత్తకుండానే నవ్వింది. "ఒక్కదాన్నే కూసొని చూసుడేంది బిడ్డా? మతి మంచిగున్నదా లేదా అనుకుంటరు."

పక్కనున్న ముత్తవ్వ కూడా నవ్వింది. తారకు ఏడుపొక్కటే తక్కువ. టీవీ మనుషుల్ని ఎలా మారుస్తుందో పరిశోధించడానికి హైదరాబాదు నుంచి ఆర్మూరు వచ్చిందామె. గైడు బాబురావు సారు విదేశీ పుస్తకం ముందేసుకుని తయారుచేసిన ఫారం అది. అందులో ఒక మనిషి, ఒక సోఫా, ఒక టీవీ. ఇక్కడేమో వాడకట్టుకంతా కలిపి ఒక్కటే, చాంద్ బీ ఇంట్లో, ఆమె మొగుడు అహ్మద్ దుబాయి నుంచి తెచ్చింది. ఈ ప్రశ్నలు ఇక్కడ పనికిరావు, నావి నేనే రాసుకుంటానని తార మొత్తుకుంది. ఆధారం చూపించు, లేదంటే నోరు మూసుకుని ఇదే నింపు అన్నాడు సారు. సోమవారమే గడువు.

ఆదివారం పొద్దున వచ్చేది హిందీ సీరియల్. వీళ్లకా హిందీ రాదు. చాంద్ బీ తెలుగులో చెబుతుంటే బీడీలు చుడుతూ వింటారట. పోయిన వారం కోడలు అత్త చేతిలోంచి తాళాలు గుంజుకుని పసుపు దుకాణం పెట్టిందట. ఢిల్లీ కోడలికి ఆర్మూరు పసుపు దుకాణమా! చాంద్ బీ తర్జుమాలో కాస్త మసాలా కలుపుతోందన్నమాట. సారుకు చూపించడానికి ఈపాటి చాలనిపించి తారకు ప్రాణం లేచొచ్చింది.

"మధ్యలో ప్రకటనలు వస్తే ఏం చేస్తారు?"

"అప్పుడు చాంద్ బీ పాన్ వేసుకుంటది."

"కరెంటు పోతే?"

"మా టీవీకి కరెంటు పోవుడే లేదు," అంది గంగవ్వ. ముత్తవ్వ కిసుక్కుమంది. అదృష్టవంతులే అనుకుని తార ఆ ప్రశ్న కొట్టేసింది.

ఆదివారం కళ్లారా చూద్దామని వెళ్లింది. చాంద్ బీ ఇంటిమీద యాంటెన్నా విరిగి వేలాడుతోంది. ఎప్పటిదో కోతుల పని అన్నారెవరో. లోపల ఆడవాళ్లు ఒడిలో చాటలతో గోడకేసి తిరిగి కిక్కిరిసి కూర్చున్నారు. తార సందు చేసుకుని ముందుకెళ్లి, గోడకు వీపు పెట్టి వాళ్ల మొహాలే చూస్తూ నిలబడింది. వేళయింది. అందరూ మాటలాపేశారు.

"ఇంకా పెట్టలేదేం?" అడిగింది తార.

"జర పక్కకు జరుగు బిడ్డా, అడ్డమొస్తున్నవ్," అంది గంగవ్వ.

తార జరిగి, వెనక్కి తిరిగింది.

టీవీ ఉండాల్సిన స్టూలు మీద చాంద్ బీ కూర్చుని గొంతు సవరించుకుంటోంది.